యువ కళాకారుల స్కాలర్‌షిప్: సంగీత విద్యార్థుల దరఖాస్తులు ఎక్కడ దెబ్బతింటాయి

కర్ణాటక సంగీతం పదేళ్లుగా నేర్చుకుంటున్న పిల్లలున్న ఇళ్లలో కూడా చాలామందికి తెలియని పథకం ఒకటుంది. కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ ఇచ్చే 'వివిధ సాంస్కృతిక రంగాల్లో యువ కళాకారులకు స్కాలర్‌షిప్'. నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లు. అంటే మొత్తం 1,20,000. ఇది నెలనెలా రాదు, ఆరు నెలలకోసారి నాలుగు సమాన వాయిదాల్లో వస్తుంది. దరఖాస్తులు, ఎంపికలు చూసేది ఢిల్లీలోని సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం). దీని ప్రాంతీయ కేంద్రం ఒకటి హైదరాబాద్ మాదాపూర్‌లో ఉంది. ఏడాదికి 400 దాకా ఇస్తారు. అయితే ఆ 400లోనే నాట్యం, నాటకం, చిత్రకళ, జానపదం, హిందుస్తానీ, అన్నీ ఉన్నాయి. కర్ణాటక సంగీతానికి దక్కేది అందులో ఒక ముక్క.

ఐదు వేలు ఈ రోజుల్లో పెద్ద మొత్తమేమీ కాదు. గురువుగారి ఫీజు, ప్రయాణాలు, వాద్యం మరమ్మతులు కలిపితే నెలాఖరుకి మిగిలేది ఉండదు. అయినా దీనికి విలువుంది. మీ రెండేళ్ల శిక్షణను ఒక పద్ధతిలో పెట్టి, ఆరు నెలలకోసారి లెక్క చెప్పమని అడిగే పథకాలు మన సంగీతంలో తక్కువ.

దీన్ని మిగతా పథకాలతో కలిపేసుకోవడం వల్లే మొదటి తప్పు జరుగుతుంది. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకి సీసీఆర్‌టీదే కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్ వేరే ఉంది. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి మనం చెప్పుకుంటున్న ఈ స్కాలర్‌షిప్. 25 దాటి 40 లోపు వాళ్లకి జూనియర్ ఫెలోషిప్, నెలకు 10,000. నలభై దాటితే సీనియర్ ఫెలోషిప్, నెలకు 20,000. ఇవన్నీ ఒకే నిచ్చెనకి మెట్లలా కనిపిస్తాయి గానీ, అలా కాదు. ఫెలోషిప్పులు పరిశోధనకి ఇచ్చేవి. శిక్షణ కోసం, వర్క్‌షాపులు పెట్టడం కోసం, ఆత్మకథలు రాసుకోవడం కోసం ఇవ్వమని నిబంధనల్లోనే రాసి ఉంటుంది. 'ఫలానా విద్వాంసుల దగ్గర రెండేళ్లు పల్లవులు నేర్చుకుంటాను' అని జూనియర్ ఫెలోషిప్‌కి రాస్తే ఎంత బాగా పాడేవాళ్లదైనా ఆ కాగితం పక్కకి పోతుంది. శిక్షణకి డబ్బు కావాలంటే వయసు పాతిక దాటకముందే కదలాలి. వయసు లెక్క దరఖాస్తు పెట్టే ఏడాది ఏప్రిల్ 1 నాటికి చూస్తారు. 'ఇంకో ఏడాది సాధన చేసి పెడదాం' అనుకునేవాళ్లు ముందు తమ పుట్టినరోజుని ఆ తేదీతో సరిచూసుకోవడం మంచిది.

ఇక అర్హత. గురువు దగ్గర గానీ సంస్థలో గానీ కనీసం ఐదేళ్ల శిక్షణ ఉండాలి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చదివినవాళ్లు తరచూ ఇక్కడే చిక్కుకుంటారు. అక్కడ సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. సర్టిఫికెట్ ఒక్కటే జతచేస్తే కాగితం మీద కనబడేది నాలుగేళ్లే. డిప్లొమా పూర్తయితే అది కూడా పెట్టండి. మధ్యలో ఉంటే కళాశాలలో చేరకముందు ఇంటి దగ్గర ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల లేఖ తెచ్చుకోండి. గురువులు మారినవాళ్లకీ ఇదే దారి. మొదటి గురువు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఇప్పటి గురువు ఎప్పటి నుంచి అన్నది మధ్యలో ఖాళీ లేకుండా తెలియాలి.

గురువుగారు సంతకం పెట్టే భాగం దరఖాస్తులో విడిగా ఉంటుంది. పెద్దవాళ్లకి ఈ కాగితాల మీద ఓపిక ఉండదు. 'చిరంజీవి చిన్నప్పటి నుంచి నాకు తెలుసు, వినయవిధేయతలు గలది, వృద్ధిలోకి రావాలని ఆశీర్వదిస్తున్నాను' అని రాసి ఇచ్చేస్తారు. ఆశీర్వచనం మంచిదే. ఎంపిక కమిటీకి దానివల్ల తెలిసేది ఏమీ లేదు. వాళ్లకి కావలసినవి వేరే: ఏ నెల, ఏ సంవత్సరం నుంచి నేర్పుతున్నారు, వారానికి ఎన్ని పాఠాలు, ఇప్పటిదాకా ఏం పూర్తయింది, ఇప్పుడు ఏం నడుస్తోంది, రాబోయే రెండేళ్లూ నేర్పడానికి ఒప్పుకుంటున్నారా. ఈ ఐదూ ఒక చిత్తు కాగితం మీద మీరే రాసి పట్టుకెళ్లి, 'గురువుగారూ, ఇవి తప్పకుండా ఉండాలట, మీ మాటల్లో రాసివ్వండి' అని అడగడంలో తప్పేం లేదు. పాఠం ఆన్‌లైన్‌లో జరుగుతుంటే ఆ సంగతీ రాయించండి. నెలకోసారో రెండుసార్లో ఎదురుగా కూర్చుని నేర్చుకునే ఏర్పాటు ఉంటే దాన్ని ముఖ్యంగా రాయించండి. గురువు సొంత అమ్మో, బాబాయో అయితే బంధుత్వం దాచకండి. ఇంటిపేరు చూసి ఎలాగూ అడుగుతారు.

చాలామంది అసలు శ్రద్ధ పెట్టనిది శిక్షణ ప్రణాళిక మీద. కచ్చేరీల జాబితా నాలుగు పేజీలు ఉంటుంది, ఫొటోలుంటాయి, శాలువాలుంటాయి. రెండేళ్లలో ఏం నేర్చుకుంటారన్న చోట మాత్రం 'కృతులు, మనోధర్మం (అప్పటికప్పుడు అల్లి పాడటం) మెరుగుపరచుకుంటాను' అని ఒకే వాక్యం. ఇది శిక్షణకిచ్చే డబ్బు. నవరాత్రుల్లో ఎన్ని గుళ్లలో పాడారన్నదాని కంటే, మీలో ఏ లోటుంది, అది పూడ్చడానికి ఏం చేయబోతున్నారన్నదే ఇక్కడ ముఖ్యం. లోటు ఒప్పుకుంటే మార్కులు తగ్గిస్తారని భయపడతారు. నిజానికి ఇరవై ఏళ్ల వయసులో లోటే లేదని రాసినవాళ్ల మీదే అనుమానం వస్తుంది.

డబ్బు నాలుగు వాయిదాలు, నివేదికలు ఆరు నెలలకోసారి. కాబట్టి ప్రణాళికనీ నాలుగు ముక్కలుగానే రాయండి. గాత్రం పాడేవాళ్లకి ఒక నమూనా చెప్పుకుందాం. మొదటి ఆరు నెలలు అట తాళ వర్ణాలు మూడు, ఒక్కోటి రెండు కాలాల్లో (వేగాల్లో). ముత్తుస్వామి దీక్షితుల చౌక (నెమ్మది నడక) కృతులు నాలుగు. తోడి, భైరవి రాగాల్లో పదేసి నిమిషాల ఆలాపన. రెండో ఆరు నెలలు ఖండ చాపు, మిశ్ర చాపు తాళాల్లో నెరవల్ (ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా అల్లి పాడటం), కల్పనస్వరం (స్వరాలు అప్పటికప్పుడు అల్లటం), అదీ సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీద, ఎత్తుకోని పాటల్లో. మూడో దశలో వివాది మేళాల్లో (పక్కపక్క స్వరాలు ఢీకొనే మాతృ రాగాల్లో) నాలుగు కృతులు, క్షేత్రయ్య పదాలు మూడు, జావళీలు మూడు. చివరి ఆరు నెలలు రెండు పల్లవులు (ఒకే సాహిత్య పంక్తిని తాళం లెక్కలతో విస్తరించి పాడేవి): ఒకటి రెండు కళల (ఒక్కో దెబ్బ రెండింతల నిడివి) ఆది తాళంలో, ఇంకొకటి ఖండ త్రిపుటలో, త్రికాలమూ (మూడు వేగాలు) తిశ్రమూ (మూడేసి నడక) చేసేలా. పదాలు మూడో దశలో ఎందుకంటే, ఆ విళంబ కాలంలో స్వరం మీద నిలబడే బలం మొదటి ఏడాది చౌక కృతుల వల్లే వస్తుంది. మీ లోటు వేరైతే వరస కూడా వేరుగా ఉంటుంది. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నదానికి ఇలాంటి కారణం ఉండాలి. రెండేళ్లలో వంద కృతులు అని రాయకండి. అంటే వారానికొకటి. పాఠాంతరం (గురువు నేర్పిన బాణీ) కుదురుకోవడానికి ఒక పెద్ద కృతికి నెల పడుతుందని ఆ బల్ల అవతల కూర్చునే ప్రతి విద్వాంసుడికీ తెలుసు.

రోజుకి కనీసం మూడు గంటల సాధన చెయ్యాలని పథకమే అంటుంది. దాన్నీ విడగొట్టి చూపించండి. అకార సాధకం, మంద్ర స్థాయి 40 నిమిషాలు, వర్ణాలు 30, కృతులు 50, మనోధర్మం 40, స్వరలిపి రాసుకోవడం, వినడం 20. మొత్తం 180 నిమిషాలు. గొంతుతో మూడు గంటలూ ఏకబిగిన పాడితే బొంగురుపోతుంది. అందుకే ఉదయం, సాయంత్రం రెండు పూటలుగా చూపించడమే సబబు. బీటెక్, సీఏ చదువుతున్నవాళ్లని 'ఈ మూడు గంటలు ఎక్కడి నుంచి తెస్తావమ్మా' అని అడగడం మామూలే. కళాశాల వేళలతో కలిపిన దినచర్య కాగితం ఉంటే జవాబు వెతుక్కోనక్కర్లేదు. ఇంకొకటి, ఈ స్కాలర్‌షిప్ మన దేశంలో నేర్చుకోవడానికే. విదేశీ శిక్షణకి చెల్లదు.

ఇక కమిటీ ముందు పాడటం. ఉండేది తక్కువ సమయం. పల్లవి అవగానే ఆపి, 'అనుపల్లవి దగ్గర నెరవల్ చెయ్యి' అనొచ్చు, 'ఇంకో పాట' అనొచ్చు. ఆపితే బాగోలేదని కాదు, వాళ్లు చూడాల్సింది చూశారని. మధ్యలో ఆపితే కంగారుపడి ఆ తర్వాతది పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి, ఎక్కడపడితే అక్కడ ఆపించుకుని మళ్లీ ఎత్తుకోవడం ఓ పది రోజులు అలవాటు చేసుకోండి.

వర్ణం దాదాపు ఖాయం. భైరవిలో 'విరిబోణి' లాంటి అట తాళ వర్ణం అడిగితే 14 అక్షరాల (తాళం లెక్కల) ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు; అందులో ఐదక్షరాల లఘువులు (దెబ్బ, వేళ్ల లెక్క) రెండు, ద్రుతాలు (దెబ్బ, విసురు) రెండు. ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది రెండో కాలంలో, కానీ తప్పు మొదటి కాలంలోనే జరిగి ఉంటుంది. కంగారులో వేగంగా ఎత్తుకుంటారు. అక్షరానికీ అక్షరానికీ మధ్య సెకను కంటే తగ్గిందంటే రెండో కాలంలో గమకాలు (స్వరాల ఊపులు) నలిగిపోయి ఒట్టి స్వరాలు మిగులుతాయి. ఎత్తుకునే ముందు రెండో కాలంలోని ఒక చరణస్వరాన్ని మనసులో అనుకుని, దాన్ని సగానికి తగ్గించి మొదటి కాలం పట్టుకోవడం నమ్మదగిన ఉపాయం.

ఆలాపనకి మీరే రాగం ఎంచుకోమంటే అపురూప రాగాల జోలికి పోకండి. ఎవరూ పాడనిది పాడితే మెచ్చుకుంటారన్నది భ్రమ. అలాంటి రాగాల్లో తరచూ ఆరోహణ అవరోహణ తప్ప పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మూడు నిమిషాల్లో అది తిప్పితిప్పి పాడటమే అవుతుంది. తోడి, కల్యాణి, శంకరాభరణం, కాంభోజి, భైరవి, వీటిలో ఒకటి పాడితే మీ పాఠం ఎంత లోతుగా ఉందో మొదటి రెండు సంచారాల్లోనే (రాగంలోని స్వర ప్రయోగాల్లోనే) తెలుస్తుంది. కాంభోజి పాడుతూ నిషాదం దగ్గర తడబడితే అదీ తెలుస్తుందనుకోండి.

కల్పనస్వరంలో బట్టీ ముక్తాయింపులు (ఒకే ఖండాన్ని మూడుసార్లు వేసి ముగించే లెక్కలు) పట్టుబడిపోతాయి. ఉదాహరణకి ఆది తాళంలో సమానికి కట్టుకున్న ముక్తాయింపు బాగా వచ్చు. వాళ్లు ఒకటిన్నర అక్షరం తర్వాత ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) ఉన్న పాటలో స్వరం వెయ్యమన్నారు. అక్షరానికి నాలుగు మాత్రలు కాబట్టి ఆరు మాత్రలు తేడా. అదే ముక్తాయింపు అక్కడ పెడితే పాట రావాల్సిన చోటుకి ఆరు మాత్రల ముందే ఆగిపోతుంది. లెక్క తెలిసినవాళ్లకి ఇది చిన్న పని. మూడు ఖండాల మధ్య ఉండే రెండు కార్వైలని (విరామాలని) మూడేసి మాత్రలు పెంచితే సరిపోతుంది. అక్కడికక్కడే ఆ సర్దుబాటు రావాలంటే ఒకే ముక్తాయింపుని సమానికి, అర అక్షరానికి, ముప్పావుకి, ఒకటిన్నరకి మార్చి మార్చి వేసే సాధన ముందు నుంచే ఉండాలి. అంత ధైర్యం లేకపోతే ముక్తాయింపు మానేసి, చిన్న స్వరాలతో శుభ్రంగా ఎడుపు అందుకోండి. తాళం తప్పిన పెద్ద లెక్క కంటే అదే నయం.

పాడగలిగిన పాటల జాబితా అడిగితే నూటయాభై రాయడం ప్రమాదం. నాలుగేళ్ల కిందట నేర్చుకుని వదిలేసినదాన్నే వాళ్లు ఎంచుకుంటారు, అదేం చిత్రమో. నలభై చాలు, కానీ ఆ నలభైలో ఏది అడిగినా చరణం దాకా రావాలి. వేరువేరు వాగ్గేయకారులు, తాళాలు, కాలప్రమాణాలు (నడక వేగాలు) కలగలిసి ఉండాలి. అన్నీ ఆది తాళం మధ్యమ కాలం అయితే జాబితానే మిమ్మల్ని పట్టిస్తుంది. సాహిత్యం గురించి ఒక మాట. త్యాగయ్య రాసింది దాదాపు అంతా మన భాషలోనే. పదం మధ్యలో ఊపిరి తీసుకుని అర్థాన్ని రెండు ముక్కలు చేస్తే, తమిళం మాట్లాడే పిల్లలకి ఇచ్చే మినహాయింపు తెలుగు పిల్లలకి ఎవరూ ఇవ్వరు. ఆ చరణానికి అర్థం చెప్పమన్నా చెప్పగలగాలి.

వాద్యకారులకి ఇబ్బందులు వేరే. వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి. ఎండలో, కారు డిక్కీలో వీణ తీసుకెళ్తే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, తారస్థాయిలో అపస్వరాలు మొదలవుతాయి. అక్కడికి వెళ్లాక మేళం కట్టేవాళ్లు (మెట్లు సరిచేసేవాళ్లు) దొరకరు. ప్రయాణానికి నెల ముందే మేళం చూపించి, చల్లని వేళ ప్రయాణం పెట్టుకోండి. వయొలిన్‌కి ముందురోజు కొత్త తీగలు వెయ్యొద్దు. అవి సాగి కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా శ్రుతి జారుతూనే ఉంటుంది. మృదంగం వాళ్లు రవ్వ ముద్ద ముందే కలుపుకుని, లోపలికి పిలవడానికి పావుగంట ముందు ఎడమ వైపు వేసుకోవాలి. మరీ ముందు వేస్తే ఏసీ గాలికి ఎండి పగుళ్లిస్తుంది. అదే ఏసీ కుడివైపు శ్రుతినీ మారుస్తుంది కాబట్టి రాయి, పుల్ల చేతిలో ఉండాలి. శ్రుతి పెట్టె అందరూ సొంతంగా తెచ్చుకోవడమే క్షేమం. ఫోనులో యాప్ వాడితే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే ఆలాపన మధ్యలో ఏ లోన్ కంపెనీయో ఫోన్ చేస్తుంది.

శాస్త్రం ప్రశ్నలు పెద్ద కష్టంగా ఉండవు. మీరు పాడిన రాగం ఏ మేళంలో (మాతృ రాగంలో) జన్యం, దానికి దగ్గరి రాగంతో తేడా ఏమిటి, తాళాంగాలేమిటి. పాడిన ప్రతి పాటకీ ఈ మూడు జవాబులు సిద్ధంగా ఉంటే చాలు.

ఎంపికయ్యాక డబ్బు ఆలస్యమవడానికి చాలాసార్లు మన కాగితాలే కారణం. ఆధార్‌లో పేరు ఒకలా, బ్యాంకులో ఇంటిపేరు పొట్టి అక్షరాలతో ఇంకోలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరోలా ఉంటే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. చిన్నప్పుడు నాన్నగారు తెరిచిన మైనర్ ఖాతాని 18 నిండాక మేజర్ ఖాతాగా మార్పించకపోతే లావాదేవీలు నిలిచిపోతాయి. సొంత పేరు మీద, వాడుకలో ఉన్న, ఆధార్ అనుసంధానమైన ఖాతా ఇవ్వండి. మొదటి వాయిదా చేతికొచ్చేదాకా ఫీజులు ఇంటి డబ్బుతోనే నడపాల్సి ఉంటుందని ముందే అనుకోవాలి.

తర్వాతి 30,000 మీ ఆరు నెలల నివేదిక మీద ఆధారపడి ఉంటుంది. నివేదికకి ముందురోజు రాత్రి కూర్చుంటే ఏం నేర్చుకున్నారో గుర్తుండదు. పాఠం అయిన రోజే నోటు పుస్తకంలో తేదీ, పాట, రాగం, తాళం, గురువుగారు దిద్దినది, ఇంత రాసుకుంటే నివేదిక దానంతటదే తయారవుతుంది. ప్రణాళికలో రాసినది జరగకపోతే దాచకండి. 'మిశ్ర చాపులో నెరవల్ కుదరలేదు, తాళం మీద పట్టు కోసం రెండు నెలలు అలంకారాలకి వెనక్కి వెళ్లాం' అన్న వాక్యం, 'అన్నీ సంతృప్తికరంగా పూర్తయ్యాయి' అన్నదానికంటే నమ్మదగ్గది. గురువుగారి సంతకం కోసం గడువుకి రెండు వారాల ముందే వెళ్లండి. డిసెంబరులో ఆయన చెన్నై కచ్చేరీల్లో ఉంటారు, దొరకరు.

రాకపోతే ఇంకో ఏడాది పెట్టొచ్చు, వయసు ఉన్నంతవరకు. అదే ప్రణాళికని తేదీలు మార్చి పంపకండి. ఏడాదిలో మీరేం మారారో అందులో కనబడాలి. హిందుస్తానీ వాళ్లకైతే కోల్‌కతాలో 1977లో మొదలైన ఐటీసీ సంగీత్ రీసెర్చ్ అకాడమీ ఉంది. గురువుల దగ్గరే ఉండి, స్టైపెండ్‌తో నేర్చుకునే పద్ధతి. కర్ణాటక గాత్రానికి మద్రాసు మ్యూజిక్ అకాడమీ అడ్వాన్స్‌డ్ స్కూల్లో మూడేళ్ల కోర్సు ఉంది. అది స్కాలర్‌షిప్ కాదు గానీ పేరున్న విద్వాంసుల పాఠం దొరుకుతుంది.

పాతిక దాటిపోయినవాళ్లు జూనియర్ ఫెలోషిప్ వైపు చూడాలంటే నేర్చుకునేదాన్ని కాక వెతికేదాన్ని అంశంగా తీసుకోవాలి. నారాయణ తీర్థుల తరంగాలు భజన సంప్రదాయంలో ఏ రాగాల్లో, ఏ నడకల్లో మిగిలాయి అన్నది అంశం అవుతుంది. ఎన్ని ఊళ్లు తిరుగుతారు, ఎవరెవరి పాట రికార్డు చేస్తారు, స్వరలిపి ఎలా రాస్తారు, చివర్లో చేతికి ఏం వస్తుంది అన్నవి రాయగలిగితే అది ప్రాజెక్టు. తరంగాలు నేర్చుకుంటాను అంటే మాత్రం కాదు.